రష్యా గ్యాస్, చైనా బేరం: తరచుగా అడిగే ప్రశ్నలు

రష్యా, చైనాల గ్యాస్ వ్యాపారం గురించి వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల శీర్షికలే కనిపిస్తాయి. రష్యాకు కొత్త మార్కెట్ దొరికిందని ఒకటి, అమెరికాకు ఎదురుదెబ్బ తగిలిందని ఇంకోటి. ఆ గ్యాస్ ఏ నేల కింద పుట్టింది, ఏ నది దాటి వెళ్తోంది, ధర ఎవరి మాట ప్రకారం తేలింది అన్న సంగతులు మాత్రం రావు. ఆ మూడూ తెలియకపోతే ఈ వ్యవహారం బోధపడదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు. ఇందులోని అంకెలు, పరిణామాలు 2025 చివరి వరకు ఉన్నవి.

రష్యా నుంచి చైనాకు గ్యాస్ ఏయే దారుల్లో వెళ్తోంది?

ప్రస్తుతం రెండు దారులు. ఒకటి పైప్‌లైన్, రెండోది ఓడలు.

పైప్‌లైన్ పేరు పవర్ ఆఫ్ సైబీరియా. రష్యన్లు సీలా సిబీరి అంటారు. తూర్పు సైబీరియాలో ఇర్కుట్స్క్ ప్రాంతంలోని కొవిక్తా, యాకూతియాలోని చయాందా అనే రెండు గ్యాస్ క్షేత్రాల నుంచి సుమారు 3,000 కిలోమీటర్లు నడిచి, బ్లాగొవెష్‌చెన్‌స్క్ దగ్గర ఆమూర్ నది అడుగు నుంచి అవతలి ఒడ్డున ఉన్న చైనా పట్టణం హేయ్‌హేకి చేరుతుంది. గొట్టం వ్యాసం 1,420 మిల్లీమీటర్లు. మనిషి నడుం వంచి లోపల నడిచిపోవచ్చు. 2019 డిసెంబరు 2న దీన్ని ప్రారంభించారు. చైనా లోపల ఇదే గ్యాస్ హేయ్‌హే నుంచి షాంఘై దాకా పోతుంది.

ఓడల్లో వెళ్లేది ఎల్‌ఎన్‌జీ, అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్. దాని కథ వేరు, కింద చెప్తాను.

మూడో దారి సిద్ధమవుతోంది. సఖాలిన్ దీవి గ్యాస్‌ను ఉస్సూరి నది దాటించి చైనాకు పంపే ఒప్పందం 2022 ఫిబ్రవరిలో కుదిరింది. 2027లో మొదలుకావాలి. నాలుగో దారి, అంటే అందరూ మాట్లాడుకునే పవర్ ఆఫ్ సైబీరియా 2, ఇంకా కాగితం మీదే ఉంది.

ఏడాదికి 3,800 కోట్ల ఘనపు మీటర్లు అంటున్నారు. అది ఎంత?

పవర్ ఆఫ్ సైబీరియా మొదటి ఒప్పందం పరిమాణం అది. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, భారతదేశం మొత్తం తన నేల నుంచి, తన సముద్రం నుంచి ఏడాదంతా తీసే గ్యాస్ సుమారు 3,600 కోట్ల ఘనపు మీటర్లు. కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న డీ6 బ్లాక్ 2023 ప్రాంతంలో రోజుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లు ఇచ్చింది. అంటే ఏడాదికి దాదాపు 1,100 కోట్లు. అలాంటివి మూడున్నర కలిపితే ఈ ఒక్క గొట్టంలో పారే గ్యాస్‌కు సమానం.

పెద్దదే. కానీ 2021లో ఐరోపా సమాఖ్య దేశాలు రష్యా నుంచి పైపుల్లోనూ ఓడల్లోనూ కలిపి సుమారు 15,000 కోట్ల ఘనపు మీటర్లు కొన్నాయి. ఆ అంకెతో పోల్చి చూస్తే ఇది నాలుగో వంతు. కింద చదివే ప్రతి జవాబులోనూ ఈ నిష్పత్తి గుర్తుంచుకోండి.

ఐరోపా వద్దన్న గ్యాస్‌నే కదా రష్యా ఇప్పుడు చైనాకు తిప్పి పంపుతోంది?

కాదు. అందరూ పొరబడే చోటు ఇదే.

ఐరోపాకు వెళ్లిన గ్యాస్ పశ్చిమ సైబీరియాది. ఆర్కిటిక్ తీరాన యమల్ ద్వీపకల్పంలోని బొవానెన్‌కొవో, దానికి దక్షిణాన ఉరెంగోయ్ వంటి పాత క్షేత్రాల నుంచి పడమటికి పోయేది. చైనాకు పోతున్నది తూర్పు సైబీరియా గ్యాస్. ఈ రెండు ప్రాంతాల గొట్టాల మధ్య అతుకు లేదు. వేల కిలోమీటర్ల అడవి, బురదనేల, గడ్డకట్టిన మట్టి ఉన్నాయి. చమురైతే ఓడ ముఖం తిప్పుతారు, ఈ రేవు కాకపోతే ఆ రేవు. 2022 తరవాత రష్యా చమురు ఐరోపా వదిలి మన జామ్‌నగర్‌కూ, చైనాకూ వచ్చింది అందుకే. గ్యాస్‌కు ఆ వెసులుబాటు లేదు. గొట్టం ఎటు వేశారో అటే పోతుంది.

ఫలితం ఏమిటంటే, రష్యా నుంచి జర్మనీకి వెళ్లే నార్డ్ స్ట్రీమ్ గొట్టాలు 2022 సెప్టెంబరు 26న బాల్టిక్ సముద్రం అడుగున పేలిపోయాక, 2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా రవాణా కూడా ఆగిపోయాక, పశ్చిమ సైబీరియా బావులకు కొనేవాడు కరవయ్యాడు. ఇక మిగిలిన పెద్ద దారి నల్లసముద్రం కింద టర్కీకి వెళ్లే గొట్టాలే. 2027 ముగిసేలోగా రష్యా గ్యాస్‌ను పూర్తిగా మానేయాలని ఐరోపా సమాఖ్య నిర్ణయించుకుంది కూడా. రష్యా ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ 2023లో 62,900 కోట్ల రూబుళ్ల నష్టం చూపింది. 1999 తరవాత ఆ సంస్థకు ఏడాది నష్టం రావడం అదే మొదటిసారి. అదే ఏడాది చైనాకు పవర్ ఆఫ్ సైబీరియా ద్వారా 2,270 కోట్ల ఘనపు మీటర్లు వెళ్లాయి, అది అప్పటికి రికార్డు. రికార్డు అమ్మకం, రికార్డు నష్టం ఒకే ఏడాది ఎలా వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది.

2014 ఒప్పందానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? ఆ మే నెలలోనే ఎందుకు కుదిరింది?

రష్యా, చైనా గ్యాస్ మాటలు 1990ల నుంచీ నడుస్తున్నాయి. 2006లో పుతిన్ బీజింగ్ వెళ్లినప్పుడు గాజ్‌ప్రోమ్, చైనా ప్రభుత్వ చమురు సంస్థ సీఎన్‌పీసీ రెండు దారుల గురించి అంగీకారపత్రం రాసుకున్నాయి. రష్యాకు ఇష్టమైనది పడమటి దారి. ఆల్తాయ్ కొండల మీదుగా చైనా పడమటి కొసన ఉన్న సింజియాంగ్‌కు వెళ్లేది. ఐరోపాకు అమ్మే బావుల నుంచే చైనాకూ పంపవచ్చు, అప్పుడు ఇద్దరు కొనుగోలుదారులను ఒకరి మీద ఒకరిని పోటీకి పెట్టవచ్చు అన్నది మాస్కో లెక్క. చైనాకు ఆ సంగతి తెలుసు. పైగా 2009 చివరి నుంచి సింజియాంగ్‌లోకి తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ రావడం మొదలైంది, గిరాకీ ఏమో వేల కిలోమీటర్ల అవతల తూర్పు తీరంలో ఉంది. అందుకని తూర్పు దారే కావాలని పట్టుబట్టింది. దారి మీద కొన్నేళ్లు, ధర మీద కొన్నేళ్లు గడిచిపోయాయి.

2014 మార్చిలో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. పాశ్చాత్య దేశాల ఆంక్షలు మొదలయ్యాయి. రెండు నెలల తరవాత పుతిన్ షాంఘై వచ్చారు. మొదటి రోజు ముగిసినా ఒప్పందం కుదరలేదని వార్తలొచ్చాయి. మర్నాడు, మే 21న, ఆయన, షీ జిన్‌పింగ్ చూస్తుండగా సంతకాలు జరిగాయి. 30 ఏళ్లు, ఏడాదికి 3,800 కోట్ల ఘనపు మీటర్లు, మొత్తం విలువ 40,000 కోట్ల డాలర్లు అని చెప్పారు. దారి చైనా అడిగినదే.

చైనా కాళ్లబేరానికి తెచ్చిందని నేను అనను. రష్యాకు తన తూర్పు ప్రాంతాన్ని అభివృద్ధి చేసుకోవాలన్న కోరిక నిజంగానే ఉంది. కానీ పదేళ్లు కదలని బేరం ఏ వారంలో కదిలిందో చూడండి.

ధర ఎంత?

ఒప్పందంలో ధర బయటపెట్టలేదు. 40,000 కోట్ల డాలర్లను 30 ఏళ్ల పరిమాణంతో భాగిస్తే వెయ్యి ఘనపు మీటర్లకు సుమారు 350 డాలర్లు వస్తుంది. కానీ అది 2014 నాటి చమురు ధరల మీద వేసిన లెక్క. ఒప్పందంలో గ్యాస్ ధర చమురు ధరకు ముడిపడి ఉంది, కొన్ని నెలలు వెనకగా కదులుతుంది. సంతకాలైన కొద్ది నెలలకే చమురు ధర కూలింది. దాంతో ఆ పెద్ద మొత్తం ఒట్టి అంకెగా మిగిలింది.

ఇప్పటి సంగతి చెప్పాలంటే, రష్యా ఆర్థికాభివృద్ధి శాఖ 2025లో వేసుకున్న అంచనాల్లోనే చైనా కట్టే ధర పడమటి కొనుగోలుదారులు కట్టేదాని కన్నా మూడో వంతుకు పైగా తక్కువ. అంటే అతి పెద్ద కొనుగోలుదారు అతి తక్కువ ధర కడుతున్నాడు.

ఒప్పందంలో ఇంకో నిబంధన ఉంది. కొనేవాడు గ్యాస్ తీసుకున్నా తీసుకోకపోయినా కనీస పరిమాణానికి డబ్బు కట్టాలి. వేల కోట్లు ఖర్చుపెట్టి బావులు తవ్వి గొట్టం వేసే అమ్మకందారుకు ఆ మాత్రం రక్షణ లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు.

చైనాకు ఈ గ్యాస్ అంత అవసరమా?

అవసరమే, అయితే ప్రాణావసరం కాదు. ఈ తేడా చాలా ముఖ్యం.

2017 చలికాలం గుర్తుచేసుకోవాలి. బీజింగ్ చుట్టుపక్కల బొగ్గు పొగ తగ్గించాలని ఉత్తర చైనాలో లక్షలాది ఇళ్లలో బొగ్గు పొయ్యిలు తీయించి గ్యాస్, కరెంటు హీటర్లు పెట్టించారు. గ్యాస్ చాలలేదు. అదే చలికాలంలో తుర్క్‌మెనిస్తాన్ నుంచి రావలసినదీ తగ్గింది. హెబెయ్ రాష్ట్రం చూయాంగ్ కౌంటీలో కొన్ని బళ్లలో పాత బొగ్గు పొయ్యిలు తీసేశారు, కొత్త ఏర్పాట్లు పూర్తి కాలేదు. చలికి గదుల్లో కూర్చోలేక పిల్లలు ఆరుబయట ఎండలో బల్లలు వేసుకుని చదువుకున్నారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. చివరికి బొగ్గు మళ్లీ వాడుకోవచ్చని ప్రభుత్వం వెనక్కి తగ్గవలసి వచ్చింది. భౌగోళిక రాజకీయం అని పెద్ద మాట వాడతాం గాని, దాని బరువు చివరికి అలాంటి బడి పిల్లల మీద పడుతుంది.

రెండో కారణం సముద్రం. కతార్ ఎల్‌ఎన్‌జీ హొర్ముజ్, మలక్కా జలసంధులు దాటి రావాలి. ఆ దారులను అవసరమైతే మూసేయగల నౌకాదళం అమెరికాది. అమెరికా నుంచే కొనే గ్యాస్ సంగతి చెప్పనక్కర్లేదు, 2025 ఫిబ్రవరిలో సుంకాల గొడవ మొదలవగానే ఆ కొనుగోళ్లు ఆగిపోయాయి. సైబీరియా గొట్టాన్ని ఏ నౌకాదళమూ ఆపలేదు. బీజింగ్ దృష్టిలో దానికి విలువ ఉంది.

మరి చైనా ఎందుకు తొందరపడదు?

ఆగగలదు కాబట్టి.

2024లో చైనా వాడుకున్న గ్యాస్ 42,000 కోట్ల ఘనపు మీటర్లకు పైమాటే. అందులో 24,600 కోట్లు సొంత నేలలో తీసినదే. మిగతాది తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, మయన్మార్, రష్యాల నుంచి గొట్టాల్లోనూ, ఆస్ట్రేలియా, కతార్, మలేషియా వంటి చోట్ల నుంచి ఓడల్లోనూ వస్తుంది. ఒకరు ఇవ్వకపోతే ఇంకొకరు. పైగా చైనా మొత్తం ఇంధన వాడకంలో గ్యాస్ వాటా పదో వంతు కూడా లేదు. కింద బొగ్గు ఉంది, పైన సూర్యరశ్మి, గాలి కరెంటు ఏటా పెరుగుతున్నాయి. 2040లో తనకు ఎంత గ్యాస్ కావాలో చైనాకే కచ్చితంగా తెలియదు. అలాంటప్పుడు 30 ఏళ్లకు చెయ్యి వేసి మాట ఇవ్వడానికి వెనకాడుతుంది.

రష్యాకు ఆ తీరిక లేదు. ఉరెంగోయ్ బావులకు ఇంకో గొట్టం లేదు.

పవర్ ఆఫ్ సైబీరియా 2 ఖాయమైనట్టేనా?

2025 సెప్టెంబరు 2న బీజింగ్‌లో గాజ్‌ప్రోమ్ అధిపతి అలెక్సీ మిల్లర్, చట్టపరంగా కట్టుబడి ఉండే అంగీకారపత్రం మీద సంతకం అయిందని ప్రకటించారు. యమల్ నుంచి మంగోలియా మీదుగా ఉత్తర చైనాకు ఏడాదికి 5,000 కోట్ల ఘనపు మీటర్లు, 30 ఏళ్లు. మన దగ్గర కూడా ఒప్పందం కుదిరిపోయిందనే రాశారు.

కుదరలేదు. ధర తేలలేదు. గొట్టం ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ప్రకటించలేదు. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేదు. చైనా వైపు నుంచి మిల్లర్ ప్రకటనకు సాటి ప్రకటన రాలేదు. రష్యా లోపల తన ప్రజలకు అమ్ముకునే చవక ధరకు దగ్గరగా చైనా అడుగుతోందని 2024లోనే పత్రికల్లో వచ్చింది. గ్యాస్ వ్యాపారంలో ధర లేని ఒప్పందాన్ని ఒప్పందం అనలేం.

అయినా దీన్ని తీసిపారేయకూడదు. ఇది జరిగితే ఐరోపాకు పోయిన ఆ పశ్చిమ సైబీరియా గ్యాస్ మొదటిసారిగా గొట్టంలో చైనాకు చేరుతుంది. 2006లో రష్యా కోరుకున్నది ఇదే, కాకపోతే అప్పుడు ఇద్దరు కొనుగోలుదారుల మధ్య పోటీ పెట్టాలని కోరుకుంది. ఇప్పుడు ఇంకో కొనుగోలుదారు లేడు. అదే రోజున పాత గొట్టంలో పరిమాణాన్ని 3,800 నుంచి 4,400 కోట్లకు, సఖాలిన్ దారిలో 1,000 నుంచి 1,200 కోట్లకు పెంచుకున్నారు. నా లెక్కలో ఆ రోజు నిజంగా జరిగిన వ్యాపారం ఆ చిన్న పెంపే. గొట్టం ఉన్నచోట, ధర సూత్రం ఉన్నచోట చైనా వెంటనే సరే అంది.

మధ్యలో మంగోలియాకు ఏమిటి లాభం?

రవాణా రుసుము వస్తుంది. తన జనానికి గ్యాస్ వస్తే ఉలాన్‌బాతర్ చలికాలపు బొగ్గు పొగ కొంత తగ్గుతుందన్న ఆశ కూడా ఉంది. కానీ అటు రష్యా, ఇటు చైనా తప్ప వేరే సరిహద్దు లేని దేశం అది. 2024లో మంగోలియా ప్రభుత్వం నాలుగేళ్ల కార్యక్రమం రాసుకున్నప్పుడు ఈ గొట్టం పేరు అందులో పెట్టలేదు. ఇద్దరు పెద్దల బేరం తేలేదాకా తన డబ్బు లెక్కలు అందులో కలపకూడదనుకుంది. వివేకమైన పని.

తుర్క్‌మెనిస్తాన్ ఈ ఆటలో ఎక్కడ ఉంది?

2009 డిసెంబరులో మధ్య ఆసియా గొట్టం తెరిచిన రోజే రష్యా చేతిలోంచి ఒక పెద్ద అస్త్రం జారిపోయింది. అంతకుముందు తుర్క్‌మెన్ గ్యాస్ బయటకు పోవాలంటే ప్రధానంగా రష్యా గొట్టాలే దిక్కు. ఇప్పుడు మూడు వరసల గొట్టాల్లో ఏడాదికి 5,500 కోట్ల ఘనపు మీటర్లు చైనాకు పంపే సామర్థ్యం ఉంది. ఆ గొట్టం ఉండబట్టే సైబీరియా ధర మీద చైనా గట్టిగా కూర్చోగలిగింది.

అయితే తుర్క్‌మెనిస్తాన్ కూడా దాదాపు ఒకే కొనుగోలుదారు చేతిలో పడింది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశానికి గొట్టం వేయాలని 2015లో పనులు ప్రారంభించారు గాని అది ఇక్కడిదాకా రాలేదు. ఉజ్బెకిస్తాన్ సంగతి ఇంకా విచిత్రం. చైనాకు గ్యాస్ అమ్మే ఆ దేశం, సొంత చలికాలపు అవసరాలకు చాలక 2023 అక్టోబరు నుంచి రష్యా దగ్గర కొంటోంది. ఒకప్పుడు గ్యాస్‌ను ఉత్తరానికి తోసిన సోవియట్ కాలపు గొట్టాల్లోనే ఇప్పుడు దక్షిణానికి తోస్తున్నారు.

ఓడల్లో వెళ్లే గ్యాస్ మీద అమెరికా ఆంక్షలు పనిచేస్తున్నాయా?

కొంతవరకు. యమల్ ఎల్‌ఎన్‌జీ అనే ప్రాజెక్టు 2017 డిసెంబరులో మొదలైంది. అందులో రష్యా సంస్థ నొవాటెక్‌తో పాటు సీఎన్‌పీసీకి 20 శాతం, చైనా సిల్క్ రోడ్ నిధికి 9.9 శాతం వాటాలున్నాయి. 2014 ఆంక్షల వల్ల పాశ్చాత్య బ్యాంకులు తప్పుకుంటే చైనా బ్యాంకులు అప్పిచ్చి నిలబెట్టాయి. అది సాఫీగా నడుస్తోంది.

ఆర్కిటిక్ ఎల్‌ఎన్‌జీ 2 అనే తరవాతి ప్రాజెక్టు దగ్గర కథ మారింది. 2023 నవంబరులో అమెరికా దాని మీద నేరుగా ఆంక్షలు పెట్టింది. అందులో చైనా సంస్థలకు 20 శాతం వాటా ఉన్నా, సరుకు తీసుకోవడానికి చాలాకాలం ఎవరూ ముందుకు రాలేదు. చివరికి 2025 ఆగస్టులో ఆర్కిటిక్ ములాన్ అనే ఓడ గ్వాంగ్‌షీలోని బెయ్‌హాయ్ రేవులో సరుకు దించింది. ఆ తరవాత అదే రేవుకు వరసగా ఓడలు వచ్చాయి. అన్నీ ఒక్క రేవుకే రావడం యాదృచ్ఛికం కాదని నేను అనుకుంటున్నాను. దెబ్బ తగిలితే ఒక్కచోటే తగలాలని చైనా చూసుకుంటోంది.

డబ్బు ఏ కరెన్సీలో కడుతున్నారు?

2022 సెప్టెంబరులో పైప్‌లైన్ గ్యాస్ చెల్లింపులను రూబుళ్లలోకి, యువాన్లలోకి మార్చుకుంటున్నట్టు ప్రకటించారు. డాలరు, యూరో పక్కకు పోయాయి.

రేపు రష్యా చైనాకు కూడా గ్యాస్ కట్టేసి బెదిరించవచ్చా?

తూర్పు సైబీరియా గ్యాస్‌కు ఇంకో కొనుగోలుదారు లేనప్పుడు కుళాయి కట్టేస్తే ముందు ఊపిరాడనిది రష్యాకే. చయాందా, కొవిక్తా గ్యాస్‌లో హీలియం, ఈథేన్ కూడా ఉంటాయి. వాటిని విడదీయడానికి స్వొబోద్నీ పట్టణం దగ్గర ఆమూర్ శుద్ధి కర్మాగారం కట్టారు. ఆ ఈథేన్ మీద ఆధారపడే పక్క ప్లాస్టిక్ పరిశ్రమలో చైనా సైనోపెక్ సంస్థకు 40 శాతం వాటా ఉంది. గొట్టం ఆగితే ఇవన్నీ ఆగుతాయి. తిరగేసి అడగవలసిన ప్రశ్న ఇది: చైనా తక్కువ తీసుకుంటాను, ధర తగ్గించు అంటే రష్యా ఏం చేయగలదు?

అయితే వీళ్లిద్దరూ మిత్రులా, కాదా?

మిత్రులే, కానీ లెక్కలు విడిగా రాసుకునే మిత్రులు. సఖాలిన్ గ్యాస్ ఉస్సూరి నదిని దాటేది రష్యా వైపు దల్నెరెచెన్‌స్క్, చైనా వైపు హూలిన్ దగ్గర. 1969 మార్చిలో రెండు సైన్యాలు కాల్చుకున్న జెన్‌బావో దీవి ఆ హూలిన్ పరిధిలోనే ఉంది. రష్యన్లు దాన్ని దమాన్‌స్కీ అనేవారు. తుపాకులు పేలిన నది కింద గొట్టం వేసుకునేదాకా రావడం చిన్న విషయం కాదు. నేను దాన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. సరిహద్దు తగవు తీర్చుకోవడానికి ఆ రెండు దేశాలకు 2000ల దాకా పట్టింది. ఆ శాంతి లేకపోతే ఈ వ్యాపారం లేదు. అయితే స్నేహం ఉన్నంత మాత్రాన చైనా ధర పెంచి ఇవ్వలేదు, రష్యా అడగకుండా ఉండలేదు.

ఇందులో మనకేమిటి?

రష్యా గ్యాస్ విషయంలో మనకూ ఒక పాఠం జరిగింది. గెయిల్ సంస్థ 2012లో గాజ్‌ప్రోమ్ వారి సింగపూర్ విభాగంతో 20 ఏళ్ల ఎల్‌ఎన్‌జీ ఒప్పందం చేసుకుంది. 2018లో దహేజ్ రేవుకు సరుకు రావడం మొదలైంది. 2022లో యుద్ధం మొదలయ్యాక ఆ విభాగం మాతృసంస్థను జర్మనీ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మనకు రావలసిన ఓడలు రాలేదు. మధ్యవర్తిత్వానికి వెళ్తే, 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్ల పరిష్కారంతో తగవు ముగిసింది. కొనేది మనం, అమ్మేది రష్యా పేరున్న సంస్థ, చిక్కుముడి పడింది బెర్లిన్‌లో.

ఇంకొకటి. సైబీరియా నుంచి చైనాకు ఎంత ఎక్కువ గ్యాస్ పోతే, కతార్, ఆస్ట్రేలియా ఓడల కోసం చైనా పోటీ అంత తగ్గుతుంది. ఆ ఓడల కోసమే మనమూ చూస్తుంటాం. ఎరువుల కర్మాగారాలకు, నగరాల్లో ఇళ్లకు వచ్చే గొట్టపు గ్యాస్‌కు, ఆటోల్లో నింపే సీఎన్‌జీకి ఆ ధర తగులుతుంది. పవర్ ఆఫ్ సైబీరియా 2 వస్తే మనకు నష్టమేమీ లేదు, చవక గ్యాస్ దొరికే అవకాశం పెరుగుతుంది. దాన్ని శత్రువుల కుట్రగా చూసేవారితో నేను ఏకీభవించను.

ఇక మీదట ఏ వార్త వస్తే పట్టించుకోవాలి?

నాయకులు చేతులు కలిపిన ఫొటోలు కాదు. పవర్ ఆఫ్ సైబీరియా 2 ధర గురించి సీఎన్‌పీసీ తన నోటితో చెప్పే మాట ఒకటి. మంగోలియాలో గొట్టాల టెండరు, చైనా లోపల ఆ గొట్టాన్ని అందుకునే కొత్త లైను పనులు మరొకటి. ఇవి రెండూ వచ్చాక కూడా మొదటి గ్యాస్ చేరడానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే పవర్ ఆఫ్ సైబీరియాకు సంతకం నుంచి ప్రారంభానికి అయిదున్నరేళ్లు, పూర్తి పరిమాణం చేరడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. ముందుగా తేలేది మాత్రం 2027లో ఉస్సూరి కింద గొట్టం తెరుచుకుంటుందా, లేదా అన్నది.